గుర్రుమంటది, తిరగదు

ఫోనెత్తంగనే పేరు చెప్పలే ఆమె.
"అన్నా, బట్టల మిషను గుర్రుమంటాంది, తిరగల్యా."
గుసగుస. ఎనకాల పిల్లగాని ఏడుపు, అరబ్బీల టీవీ.

నేను జలీబ్‌ల, నీడ కోసం
ఫ్లైఓవర్ కింద బండి ఆపుకొని ఉన్న.
ఆమె జహ్రాల, ఏదో పెద్ద ఇంటి ఎనక వంటర్రల.
నంబరు ఎవరిచ్చిండ్రని అడగలే.
మనోళ్ల ఆడోళ్ల నడుమ నా నంబరు
పసుపు పొట్లం లెక్క చేతులు మారుతది.

"మామా ఇంట్లో ల్యా. మాపటికి తెల్ల దిష్దాషాలు ఆరాల.
నువ్వే చెడగొట్టినావంటాది.
జీతంలో పట్టుకుంటాది."

బాబా లేనప్పుడు మగమనిషి ఆ గడప తొక్కద్దు.
నాకెరికే. ఆమెకూ ఎరికే.
"ఫోను మిషను ఈపుకు ఆనిచ్చి, ఒక్కసారి మీట నొక్కు" అన్న.

సిరిసిల్లల పన్నెండు సాంచాల నడుమ
నిద్రపోయి పెరిగిన చెవి నాది.
ఏ సాంచ ఆగితే ఆ దిక్కు
నిద్రల్నే తల తిప్పెటోన్ని.
విన్న.
మూట లేపబోయి, లేపలేక
పండ్లు బిగవట్టిన హమాలి గొంతు.

"ఆపు. ప్లగ్గు పీకు. డోలు చేత్తోని తిప్పు."
"తిరుగుతాంది, సులువుగా."
బేరింగు గాదు. బొత్తామో, బిళ్లో అడ్డం పడలే.
"బెల్టు?"
"ఉండాది, బిర్రుగానే."
"కాలిన వాసన?"
జరసేపు సప్పుడు లేదు.
"సబ్బు వాసనే. నా చేతులదేమో."

చుట్ట కాలలే. నా పానం నిమ్మళమైంది.

అయిదు మరలు వంటకత్తి మొనతోని ఇప్పింది.
నేను మరలు లెక్కపెట్టుకుంట కూసున్న.
బయట నలభై ఎనిమిది డిగ్రీలు,
ఫోను చెంపకు అతుక్కపోయింది.
"టార్చిలైటు సెల్లంత తెల్ల డబ్బి ఉంటది."
"కనపడింది. నెత్తి ఉబ్బిండాది."
"ముట్టకు!"
లేసి నిలవడబోయిన, బండి రేకు నా నెత్తికి తాకింది.

ప్లగ్గు పీకినా అది కరెంటు మింగి కూసుంటది, చెల్లె.
ఎంతసేపు దాస్తదో దానికే తెలువాలె.
చేతులు తుడుసుకో. రబ్బరు చెప్పులు తొడుగు.
కట్టె పిడి కత్తి పట్టుకొని
రెండు పుల్లలకు ఒక్కపారే ఆనియ్యి.
మొకం పక్కకు తిప్పుకో.

టప్.

"ఉన్నవా?"
"ఉండా. మిణుగురు మాదిరి మెరిసింది."

"దాని మీద ఏం రాసుంది?"
"ఇంగిలీసు రాదు, అంకెలు వస్తాయి.
పది. ఆ కింద నాలుగు వందల యాభై."
నాకు గా రెండు అంకెలే కావాలె.

జహ్రాల ఎరికున్న దుకాణంకెళ్లి
బఖాలా పోరడు తీస్కపోయిండు,
ఖుబ్బూసు సంచిల, పెరుగు డబ్బాల కింద.
ఏ తీగ ఏడ పెట్టాల్నో చెప్పబోయిన.
"పీక్కముందే ఫొటో తీసి పెట్టుకున్నా, అన్నా."
ఆ ముచ్చట నేను చెప్పలే.
చెప్పకుంటనే చేసింది.

మళ్ల ఫోను మిషను ఈపుకు.
ముందుగాల గుర్రు, పాతదే.
నేను ఊపిరి బిగవట్టిన.
తర్వాత నీళ్లు ఒక పక్కకు పడ్డయి,
బట్టలు ఇంకో పక్కకు పడ్డయి,
మళ్లీ నీళ్లు.
పని మీద పోవాల్సి ఉండె, మంగాఫ్‌ల ఏసీ ఒకటి.
పోలే. వింటున్న.
ఎన్నేండ్లయిందో
మోటరు సప్పుడుకు కన్ను మూతవడి.

"మామా వచ్చింది."
ఫోను కట్టయింది.
పైసలెంతని ఆమె అడగలే, నేను చెప్పలే.

మూడో దినం బఖాలా పోరడు
అల్యూమినియం కాయితం చుట్టిన పొట్లం ఇచ్చిండు.
దినారున్నర, నలిగిన నోట్లు.
ఉబ్బిన పాత డబ్బి.
సబ్బు అట్టపెట్టె చింపి, పెన్సిలుతోని రాసిన తెలుగు:

"దీంట్లో కరెంటు ల్యా.
రెండు మార్లు కత్తి పెట్టి చూసినా.
భయపడకుండా ముట్టుకో.
వెంగమ్మ, సుండుపల్లి."